ఓదెలు ఇంటికి ఏ బొమ్మ పెట్టాలి

నమోదు 611. సోమవారం

మూడో లెవల్ మొత్తం తిరిగి వచ్చాను. మోకాళ్లు నావి కావు. పైన ఎండలో మనుషులు తిరగగలిగిన కాలంలో ఇది బొగ్గు గని. ఇప్పుడు బొగ్గు అయిపోయింది, దాని చోట్లో మేం ఉంటున్నాం.

ఏ ఇంటికి ఏ సినిమా బొమ్మ చెప్పానో, ఎందుకు చెప్పానో ఇందులో రాయాలని మా బొమ్మల ఆఫీసు నియమం. నరహరి సార్ మొదటి రెండు ముక్కలు చదివి సంతకం పెడతాడు. మిగతాది నా ఇష్టం.

బాలనర్సమ్మకు రైలు బొమ్మ చెప్పాను. తల్లి రైలెక్కుతుంది, బిడ్డ ప్లాట్‌ఫారం మీద ఉండిపోతుంది. బాలనర్సమ్మ పుట్టి బుద్ధెరిగి రైలు చూడలేదు, కానీ తల్లీబిడ్డా విడిపోతే చాలు, కరిగిపోతుంది. ఆ సంగతి ఒప్పుకోదు. "పోయినసారి పెట్టినవ్ గదా కుక్క బొమ్మ, ఆఖరికి కుక్క సావనే లేదు. నా కంటి కింది పట్టీ ఎట్ల తడుస్తది మరి?" అని నన్నే దబాయించింది. పక్క గదిలో కొత్తగా పెళ్లయిన జంట. వాళ్లకు ఏడవడానికి ఇంకా ఏమీ లేదు. అలాంటి వాళ్లకు సీరియలే గతి. తాతా మనవరాళ్ల సీరియల్ మొదలుపెట్టమన్నాను. ఇరవై భాగాల్లో పంతొమ్మిది ఆ తాతను మనకు దగ్గర చేయడానికే. ఓపిక పట్టి చూడండి, ఆఖరి భాగంలో మీ పని అయిపోతుంది అని చెప్పాను. పిల్ల పకపకా నవ్వింది.

నా పేరు వినోద. చేసే పని జనాన్ని ఏడిపించడం. దీని మీద నవ్వని వాళ్లు ఈ గనిలో లేరు, నేను తప్ప.

ఆఖర్న ఓదెలు ఇంటికి వెళ్లాను. పెద్ద ఫ్యాన్ల దగ్గర బెల్టులు మార్చే పని అతనిది. భార్య సరోజన ఊపిరితిత్తుల్లో దుమ్ము పట్టి పోయింది. పోయిన శుక్రవారం అతని పట్టీ కన్నీరు తగలక తెల్లగా వచ్చింది. తలుపు తీసి నన్ను చూసి, కూర్చోమని కూడా అనలేదు. "ఏదో ఒకటి పెట్టక్కా, నీ ఇష్టం" అన్నాడు.

నేను కంగారు పడలేదు. గనిలో ఏ ఇంటి సంగతి తెలియకపోయినా ఆ ఇంటి సంగతి నాకు తెలుసు. ఏళ్ల తరబడి ఆ ఇంటి నుంచి రెండు పట్టీలు వచ్చేవి. రెండూ ముదురు నీలం. సరోజన కన్నా ఓదెలుదే ఒక్కోసారి ఎక్కువ నీలం. అన్నదమ్ముల కథ పెడితే చాలు, ఆ మనిషి పట్టీ పిండితే కారేట్టు ఉండేది. చూడ్డానికి బండరాయిలా ఉంటాడు కానీ లోపల వెన్న అని ఆఫీసులో అందరికీ చెప్పేదాన్ని.

నమోదు 613. బుధవారం

సార్‌తో గొడవ అయింది. ఆయనకు ఒకటే సూత్రం. ఏ దుఃఖానికి ఆ దుఃఖం. పెళ్లాం పోయినవాడికి పెళ్లాం పోయిన బొమ్మ పెట్టాలంటాడు.

"గోరుచుట్టు మీద రోకటిపోటు సార్ అది" అన్నాను. "ఓదెలుకు అన్నదమ్ముల బొమ్మ పెడితే తన దుఃఖం అందులో పోసుకుని ఏడుస్తడు. నాకు తెల్సు అతని సంగతి."

"ఇంకో రెండు తెల్లగొస్తే మరుపు గదే. ఆనక నన్ననొద్దు" అన్నాడు సార్.

మరుపు గది సంగతి ఇదీ. మేం తాగే నీళ్లలో నెమ్మది మందు కలుపుతారు. అది లేకపోతే ఈ సొరంగాల్లో వారం తిరక్కుండా పిచ్చెక్కి గోడలు గోకుతాం. ఆ మందుతోనేమో దుఃఖం బయటికి రాకుండా లోపలే గడ్డకడుతుంది. అలా గడ్డకట్టినవాడు ఒకరోజు మంచం మీద కూర్చుని ఇక లేవడు, తినడు. మోడయ్యాడు అంటాం. వారానికోసారి ఏడ్చినవాడు మోడు కాడని డాక్టర్లు కనిపెట్టారు. అందుకే ప్రతి శుక్రవారం ఇంట్లో బొమ్మ చూడాలి, కంటి కింద పట్టీ అంటించుకోవాలి. దుఃఖంతో వచ్చిన కన్నీరు తగిలితే అది నీలం అవుతుంది. నీళ్లు చల్లినా, ఉమ్మి రాసినా అవదు. జనం అవన్నీ చేసి చూశారు.

వరసగా మూడు పట్టీలు తెల్లగా వస్తే మోడయ్యేదాకా ఆగరు. మరుపు గదికి తీసుకుపోయి, ఏ మనిషి కోసం దుఃఖమో ఆ మనిషిని తలలోంచి తీసేస్తారు. నొప్పి ఉండదట. పేరు ఉండదు, ముఖం ఉండదు. బయటికొచ్చాక ఇరుగుపొరుగు కూడా ఆ పేరు ఎత్తకూడదు.

మొత్తానికి నా మాటే నెగ్గింది. గొడుగు బొమ్మ పంపాను. అన్న ఒక్క గొడుగూ తమ్ముడికిచ్చి వానలో నడిచిపోతాడు. పైన వానలు పడిన కాలం నాటిది. మూడేళ్ల కింద ఆ ఇంట్లో అదే పెడితే రెండు పట్టీలూ నల్లబడేంత నీలం అయ్యాయి.

నమోదు 616. శనివారం

తెల్లగా వచ్చింది.

పట్టీని దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాను. మూల ఎక్కడైనా ఒక చుక్క ఉందేమోనని. లేదు. సార్ లెక్క పుస్తకంలో రెండో తెల్ల పట్టీ అని రాసుకున్నాడు, అది ఇంకా మండింది. బాలనర్సమ్మ పట్టీ మాత్రం రైలు పుణ్యమా అని తడిసి ముద్దయి వచ్చింది. ఏడ్చి ఏడ్చి, బొమ్మ బాగాలేదని కబురు పెట్టింది.

నమోదు 618. సోమవారం

ఫ్యాన్ల దగ్గరికే వెళ్లి ఓదెలును పట్టుకున్నాను. ఆ మోతలో మాట వినబడదు. పక్క సందులోకి తీసుకుపోయి గట్టిగానే అడిగాను, ఎందుకు ఏడవడం లేదని. అవును, అలాగే అడిగాను. అతను బెల్టు మసి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"గొడుగు బొమ్మకు మునుపు ఎంత ఏడ్చినవ్ ఓదెలూ. ఇప్పుడేమైంది?"

"నేనెన్నడు ఏడ్వలేదక్కా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. పట్టీల సంగతి గుర్తుచేశాను. అతను తల వంచుకున్నాడు.

"రెండు సరోజననే తడిపేది. ముందుగాల దానిది తడుపుకొని, ఆనంక నా మొకం మీదికెల్లి నాది ఊడదీసి పెట్టుకునేది. నీది నాది ఒక్కటే గదా అనేది. నాకు ఏడ్పు రాదక్కా. చిన్నప్పటి సంది అంతే. మా నాయిన పోయిననాడు గూడ రాలే. దాన్ని చేసుకున్నంక ఆ బాధ లేకుండె నాకు."

అంటే గొడుగు బొమ్మకు కరిగింది సరోజన. అన్నదమ్ములంటే ప్రాణం పెట్టింది సరోజన. నేను వెన్న అనుకున్న మనిషి గురించి నాకు ఆవగింజంత కూడా తెలియదు. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో ఒక్క మనిషికే బొమ్మలు చెప్పాను.

నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. ముందే చెప్పి ఉండవచ్చు కదా అన్నాను. చెబితే చచ్చిపోయిన దాని మీద తప్పు రాస్తారని భయపడ్డాడట.

"అక్కా, నాకొక్కటి చెయ్యి. నన్ను మోడు కానియ్యిమను. మంచంల కూసోని అట్లనే పోత. కని దాన్ని తీసెయ్యొద్దని చెప్పు. అది గూడ లేకపోతే నా దగ్గర ఇంకేం ఉన్నది?"

సార్‌కు చెబుతానన్నాను. చెప్పినా లాభం లేదని నాకు తెలుసు. పోయిన ఏడు ఇద్దరు ఇలాగే బతిమాలారు.

నమోదు 620. బుధవారం

సరోజన చేసిన పనే నేను చేద్దామనుకున్నాను. ఓదెలు పేరు రాసిన పట్టీ ఇంటికి తెచ్చుకున్నాను. తప్పే. రాస్తున్నాను కూడా. సార్ రెండు ముక్కల తర్వాత చదవడు.

పట్టీ నా కంటి కింద అంటించుకుని గొడుగు బొమ్మ పెట్టుకున్నాను. అన్న గొడుగు ఇచ్చే చోట, కెమెరా కొంచెం ముందే వెనక్కి జరగాల్సిందని తోచింది. రైలు బొమ్మ పెట్టాను. తల్లి వేషం వేసినామె చెవి కమ్మలు సగంలో మారిపోయాయని ఇప్పుడే గమనించాను. సీరియల్ ఆఖరి భాగం పెట్టాను. తాత పోతుంటే నాకు ఆవలింత వచ్చింది. ఆవలిస్తే కళ్లు చెమర్చాయి. పట్టీ దానికి మారలేదు. దొంగ ముండ కాగితం, దానికన్నీ తెలుసు.

మా ఆఫీసు వాళ్లకు పట్టీలు లేవు. రోజంతా బొమ్మలు చూస్తారు కాబట్టి పనిలోనే ఏడుస్తారని లెక్క. పొద్దస్తమానం వండేవాళ్లకు ఆకలి చచ్చిపోతుందని ఎవరికీ తోచలేదు. నేను ఆఖరుసారి ఎప్పుడు ఏడ్చానో ఆలోచించాను. గుర్తు రాలేదు. ఈ మధ్య పొద్దున మంచం దిగడానికి బద్ధకంగా ఉంటోంది. మోకాళ్ల నొప్పి వల్లనే అనుకుంటున్నాను.

నమోదు 622. శుక్రవారం

ఓదెలు ఇంటికి వెళ్లాను. బొమ్మ ఆడుతున్నప్పుడు ఆ ఇంటి వాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదని నియమం. గాలి కొరత ఉన్న రోజుల్లో పెట్టారు, ఆ తర్వాత తీయడం మరిచిపోయారు. ప్రతి గదిలో గాలి మీటరు ఉంటుంది, నలుగురు మించితే కూత పెడుతుంది. మేం ఇద్దరమే కదా.

ఇద్దరు తోబుట్టువులు చివరి రోజుల్లో కలుసుకునే బొమ్మ ఒకటి తెచ్చాను. ధైర్యం చేసి తెచ్చాను కానీ, అది ఎవరినైనా ఏడిపించగలదని నాకే నమ్మకం లేదు. పట్టీ నా చేతిలోనే ఉంది. బల్ల మీద కూర్చున్నాం. ఓదెలు తెర వైపు కాక పక్కకు, గోడ వైపు చూస్తున్నాడు.

"అటు చూడవేంది? బొమ్మ ఇటున్నది" అన్నాను.

"అలవాటక్కా" అన్నాడు. "అది గాడ కూసునేది."

అక్కడ ఒక పీట ఉంది. గోడకు తల ఆనిన చోట సున్నం మీద నూనె మరక.

"నేను బొమ్మ ఎన్నడు జూసిన? బొమ్మల ఎవరు పుట్టిన్రో ఎవరు సచ్చిన్రో నాకు తెల్వదు. దాని మొకం జూసుకుంట కూసునేటోన్ని. ముందుగాల కింది పెదిమ వణికేది. ఇగ ఇప్పుడు అన్న పోతడు అనుకునేటోన్ని. ఆడ నిజంగనే పోయేటోడు. ముక్కు ఎర్రగైతే తల్లి పోయినట్టు. ఊకెనే మోకాలు గట్టిగ పట్టుకున్నదంటే ఇంకెవల్నో తరుముతున్నరన్నట్టు. కథ మొత్తం దాని మొకం మీదనే ఉండేదక్కా. ఇటు జూస్తె నాకేం సమజ్ గాదు."

తెర మీద అక్కాచెల్లెళ్లు ఒకర్నొకరు పట్టుకుని ఏదో అంటున్నారు. ఓదెలు ఆ పీట వైపే చూస్తున్నాడు. ఏదో ఒక సన్నివేశంలో గట్టిగా ఏడుపు వినబడితే అతని చెయ్యి తనంతట తనే కంటి కిందికి పోయింది. అక్కడ ఊడదీయడానికి పట్టీ లేదు, ఊడదీసే మనిషీ లేదు. చెయ్యి కిందికి దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. ముందు గొంతులో వచ్చింది, దగ్గు అనుకున్నాను. మా అమ్మమ్మ చెప్పేది, పైన ఉన్న రోజుల్లో ఎవరైనా పోతే ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయిన మనిషి చేసిన మంచీ చెడ్డా అన్నీ చెప్పుకుంటూ శోకాలు పెట్టేవాళ్లట. ఇక్కడ శవం లిఫ్టులో పైకి పోయేటప్పుడు ఇంటి మనిషి ఒక్కడే ఉండాలి. సరోజనకు ఎవరూ శోకం పెట్టలేదు. నేను పెట్టాను. "ఓ సరోజనా, ఇద్దరి ఏడ్పు ఒక్కదానివే ఏడిస్తివి గదనే" అని అన్నాను, నాకే తెలియకుండా. ఓదెలు నా చేతిలోంచి పట్టీ తీసి నా కంటి కింద అంటించాడు. అతని కళ్లు పొడిగానే ఉన్నాయి.

"మంచిగ ఏడ్వక్కా" అన్నాడు. "అది ఇనాలె."

నమోదు 623. శనివారం

ముదురు నీలం. పట్టీ పెట్టెలో పడేసరికి నా గుండె కుదుటపడింది. సార్ చూసి, "చూసినవా, ఓదెలు దారికొచ్చిండు" అన్నాడు. ఔను సార్ అన్నాను. పొద్దున మంచం ఒక్క ఉదుటున దిగాను. ఎన్నాళ్లకో అన్నం రుచిగా ఉంది.

శుక్రవారాలు వస్తూనే ఉంటాయని తెలుసు. ప్రతిసారీ వెళతాను. ఆమె గురించి అతను చెప్పడానికి చాలా ఉంటుంది, నేను ఏడవడానికి కూడా చాలా ఉన్నట్టుంది.

నమోదు 625. సోమవారం

సార్ గదికి పిలిచాడు. బల్ల మీద గాలి మీటరు కాగితం ఉంది. ఓదెలు ఇంట్లో ఒక్క మనిషి ఉండాలి, శుక్రవారం సాయంత్రం ఇద్దరి ఊపిరి ఉంది. మీటరు నలుగురు మించితేనే కూస్తుంది, రాయడం మాత్రం ఎప్పుడూ రాస్తూనే ఉంటుందట. ఇంతకాలం గనిలో ఉండి నాకది తెలియదు. సరోజన ఉన్నప్పుడు ఇద్దరి ఊపిరి, రెండు పట్టీలు, లెక్క సరిపోయేది. నేను వెళ్లబట్టే తప్పింది.

"కంచే చేను మేస్తే ఎట్లమ్మా" అన్నాడు సార్. కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు.

అంతా చెప్పాను. సరోజన సంగతి కూడా. ఒక్క మనిషి కాసిని కన్నీళ్లు ఇస్తే ఏం పోయింది, అతను పనికి పోతున్నాడు, తింటున్నాడు, మోడు కాలేదు కదా అన్నాను. సార్ విన్నాడు. "ఆయన మోడైతే ఆ ఫ్యాన్ దగ్గర బెల్టు తెగిననాడు మూడో లెవల్ మొత్తానికి గాలి ఉండదు. ఒక్కనికి సాయం జెయ్యబోయి అందర్ని సంపుతమా?" అన్నాడు.

ఆ పట్టీని లెక్కలోంచి కొట్టేశారు. మూడో తెల్ల పట్టీ కింద లెక్క. నాకు మాత్రం ఒక నెల రాతపని, అంతే. చావు తప్పి కన్ను లొట్టపోయిందని ఆఫీసులో వాళ్లు ఓదార్చారు.

నమోదు 626. మంగళవారం

మధ్యాహ్నం తీసుకుపోయారు. నేను మరుపు గది బయట నిలబడ్డాను. ఓదెలు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గింజుకోలేదు, తిట్టలేదు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"నా వల్లనే తమ్మీ" అన్నాను.

"నీ వల్ల కాదక్కా. దానికి శోకం దొరికింది, అది చాలు." అన్నాడు. "నాకు యాదికి లేకున్నా నీకు ఉంటది గదా. పేరు సరోజన. ఎడమ చెంప మీద చిన్న మచ్చ. నవ్వితె అది లోపటికి పోతది. గది యాదికి పెట్టుకో."

తలుపు వేశారు.

నమోదు 658. శనివారం

నెల రాతపని అయిపోయి మళ్లీ నా బల్ల దగ్గరికి వచ్చాను. మూడో లెవల్ నాదే. బాలనర్సమ్మకు మళ్లీ తల్లీబిడ్డలే. కొత్త జంటకు సీరియల్లో తాత పోయాడు, ఇద్దరూ కళ్లు వాచేట్టు ఏడ్చారు, ఇంకో సీరియల్ చెప్పమన్నారు.

ఓదెలుకు ఈ వారం సార్ తన సూత్రం ప్రకారం తానే బొమ్మ పంపాడు. చేపలు పట్టే ఊరు, భార్య పోయిన మగవాడు, ఆమె చీర తలగడకు తొడిగి పడుకుంటాడు. నన్ను అడగలేదు.

పట్టీ నీలంగా వచ్చింది. మీటరులో ఒక్క ఊపిరే. అంటే చిన్నప్పటి నుంచీ ఏడుపు రాని ఓదెలే ఏడ్చాడు.

పొద్దున ఓదెలు ఆఫీసుకు వచ్చాడు. ఇదివరకు ఎప్పుడూ రాలేదు. ముఖం కడిగిన పలకలా ఉంది, కళ్ల కింద మాత్రం ఉబ్బి ఉంది. నన్ను గుర్తుపట్టాడు. వినోదక్కా అనే పిలిచాడు.

"రాత్రి బొమ్మ మస్తుండెనక్కా. ఆయన తలగడ పట్టుకొని పండుకుంటడు సూడు, గాడ ఆగలే నాకు. ఏడ్చిన్నంటే మామూలు ఏడ్పు గాదు. పాపం, పెండ్లాం పోతె మనిషికి ఎట్లుంటదో గదా. నాకైతె ఆ బాధ లేదు, పెండ్లే చేసుకోకపోతిని."

"ఔను" అన్నాను. ఇంకేమీ అనకూడదు. వెనక బల్ల దగ్గర సార్ తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు.

"అసొంటిదే ఇంకోటి పెట్టక్కా వచ్చేసారి." వెళ్లబోయి ఆగాడు. నుదురు రుద్దుకున్నాడు. "ఒక్కటి సమజ్ గాదక్కా. ఇన్నేండ్ల సంది పతి శుక్రారం బొమ్మ జూస్తున్న గదా నేను. ఒక్కటంటె ఒక్క బొమ్మ యాదికొస్తలేదు. ఏం జూసిన్నక్కా నేను అన్ని దినాలు?"

నా కళ్లు నిండాయి. తల వంచుకుని బల్ల మీది పట్టీలు సర్దాను.

"మంచిదే జూసినవ్ తమ్మీ" అన్నాను.